కిండర్ కొండపై వసంతప్రదక్షిణము

కొండ యనగానే మన స్త్రీలకు గుడి జ్ఞప్తికి వచ్చును. తిరుమల కానిండు, సింహాచలము కానిండు, శ్రీశైలము కానిండు, పైన దైవముండవలెను, చేత కొబ్బరికాయ యుండవలెను. ఊరక నడచుటకై కొండ యెక్కుదుమనిన ఇంటిపెద్దలు నవ్వుదురు. పెద్దనగారి మనుచరిత్రమున ప్రవరుడు పాదములకు పసరు పూయించుకొని హిమాలయమును జూడబోయెను. అతని యిల్లాలు సోమిదమ్మ అతిథులకు వండి వడ్డించుచు ఇంటనే యుండెను. మా తండ్రిగారు ఆ కావ్యమును మాకు చెప్పిన దినములలో, ఆ పసరు నించుక సోమిదమ్మ పాదములకును పూయువారు లేకపోయిరే యని మాకు తోచుచుండెడిది.

మావారు బడిపంతులు. వేసవి సెలవులు వచ్చినగాని మాకు ప్రయాణములు లేవు. అట్టి యొక సెలవులలో, ఇంగ్లండున మాంచెస్టరు నగరమున నున్న మా తమ్ముని యింటికి పోయి కొన్నాళ్లుంటిమి. మనయింట ఆవకాయకు కాయలు తరుగు దినములలో అక్కడ వసంతమింకను తలుపు తట్టుచుండును. ఏప్రిల్ చివరి ఆదివారమున, మేమిరువురము, తమ్ముడు, మరదలు, పులిహోర పొట్లములతోను ఫ్లాస్కునిండ కాఫీతోను రైలులో న్యూమిల్సు వరకును, అటనుండి బస్సులో హేఫీల్డను గ్రామమునకును చేరితిమి. ఆ గ్రామము వెనుకనే కిండర్‌స్కౌటను కొండ గలదు. దాని యెత్తు 636 మీటర్లు. మన తూర్పుకనుమలలో నిది పెద్దకొండ యనిపించుకొనదు. కాని దాని తీరు వేరు.

ఆ దేశమువారు మూర్‌లాండని పిలుచు భూమి యెట్టిదో మన సోదరీమణులకు చెప్పవలెను. అది శిఖరము గాదు, అడవియు గాదు. కొండనెత్తమున మైళ్లకొలది పరచుకొన్న బయలు. చెట్టు లేదు, చేను లేదు, ఇల్లు లేదు. హెదరను కురుచపొదలు, రెల్లువంటి గడ్డి, వానిక్రింద పీటను నల్లని మన్ను. నీట నానిన నాచు కుళ్లిపోక వేలయేండ్లుగా పొరలు పొరలుగా పేరుకొనగా ఏర్పడిన మన్ను అది. ఏడాదికి పెరుగునది సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే. మనిషియెత్తు పీటు పేరుకొనుటకు ఎన్ని తరములు పట్టునో చదువరులే లెక్కించుకొనవచ్చును.

మేము నడక మొదలిడినది బౌడెన్‌బ్రిడ్జి యొద్దనున్న పాత రాతిగని కడ. 1932 ఏప్రిల్ 24వ తేదీన, ఆదివారమునాడే, సుమారు 400 మంది యువజనులు అచ్చట గుమికూడిరి. పలువురు మాంచెస్టరు ప్రాంతపు శ్రామికులు. వారమంతయు పొగలో పనిచేసి ఆదివారమొకనాడు గాలి పీల్చుకొనుటకు కొండకు రాగోరువారు. అప్పుడా బయలు జమీందారులది. గ్రౌసను పక్షులను వేటాడుటకై వారు దానిని మూసియుంచిరి. కావలివాండ్ర నెదిరించి ఆ యువజనులు పైకెక్కిరి. ఆరుగురిని పట్టుకొనిరి. వట్టి నడకకు శిక్షవేయు చట్టము లేకపోగా, కలహము చేసిరన్న నేరములు మోపి, అయిదుగురికి రెండు మొదలు ఆరునెలల వరకు చెఱ విధించిరి. వారి నాయకుడు బెన్నీ రాత్మనుకు అప్పుడిరువదియేండ్లు. 1982లో ఆ గనిగోడకు జ్ఞాపకఫలకము బిగించిరి. 2002లో నాటి డ్యూకు, తన తాతగారు చేసినది తప్పని యెల్లరయెదుట క్షమార్పణ చెప్పెను.

ఫలకము చదివి మా మరదలు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "వదినగారూ, ఆరేళ్లనుంచి ఈ కొండ మా మేడకిటికీలోంచి కనబడుతూనే ఉంది. అది ఈ దేశంవాళ్ల కొండ, మనకెందుకులే అనుకునేదాన్ని" అనెను. కొత్తచోట కాపురముండు స్త్రీకి, అంగడి, ఆఫీసు, బిడ్డలబడి, ఈ మూడుదారులే తనవని తోచుట సహజము. మేము సమాధాన మీయలేదు. నడచితిమి.

దారి మొదట కిండరు జలాశయము ప్రక్కగా పోయి, విలియంక్లఫను సన్నని లోయలో ప్రవేశించును. అందొక వాగు. దానిని ఇటునుండి అటు, అటునుండి ఇటు రాళ్లమీదుగా దాటుచు ఎక్కవలెను. వసంతమచ్చట పూలగుత్తులతో రాదు. హెదరు పూయునది ఆగస్టున; అప్పటికది వట్టి గోధుమవన్నె కట్టెయే. కాని బిల్‌బెర్రీపొదలు లేజివుళ్లు తొడిగి, లేయెరుపు గుండ్రని మొగ్గలు పెట్టియుండెను. చలికాలమున తెల్లబడిన కుందేలొకటి సగము తెలుపు, సగము గోధుమరంగుతో, చీర మార్చుకొనుచు నడుమ చిక్కినదానివలె మాకు కనబడి పరుగిడెను. ఇంగ్లండంతటను ఈ జాతి కొండకుందేళ్లు ఈ ప్రాంతముననే యున్నవట. కర్ల్యూ అను పొడుగుముక్కు పిట్ట ఎక్కడనో యెగురుచు, వేణువులో నీరు చేరినట్లు కూసెను. ఇంతలో పొదలోనుండి గ్రౌసుపక్షి యొకటి దడదడ లేచి "గో బ్యాక్, గో బ్యాక్" మనెను. దాని కూత నిట్లే వినుట ఆ దేశపు వాడుక. మావారు నవ్వి, "1928లో సైమనుతో మనవాళ్లన్న మాట ఈ పిట్ట మనకు తిరిగి చెబుతోంది" అనిరి. మరదలు ఫక్కున నవ్వెను. అటుపిమ్మట ఆమెయే ముందు నడచెను.

లోయ ముగిసిన చోట ఆషాప్‌హెడ్డను కూడలి. పెన్నైన్‌మార్గ మచ్చటికి వచ్చి కలియును. 268 మైళ్ల పొడవుగల ఆ కాలిదారిని 1965లో తెరచిరి. నడచువారు మిక్కిలియగుటచే పీటు బురదయై విరిగిపోవుచుండగా, ఆ మార్గమున పలుచోట్ల పెద్దబండలు పరచినారు. వానిలో పెక్కు కూల్చివేసిన నూలుమిల్లుల నేలబండలు. మగ్గములు బిగించిన రంధ్రములు కొన్నిటియం దింకను కనబడును. లాంకషైరు మిల్లులలో నేతపని చేసినవారిలో స్త్రీలే యెక్కువ. వారు నేసిన గుడ్డ ఓడలమీద మనదేశమునకు వచ్చినది. మన ముత్తవ్వలు కట్టినది. పిమ్మట మన అవ్వలు వీథిలో రాశిపోసి తగులబెట్టినది. ఆ నేతగత్తెలు దినమెల్ల నిలిచి కాళ్లు నొప్పించుకొన్న బండలు నేడు కొండమీద వెల్లకిల పడుకొని గాలి పీల్చుకొనుచున్నవి. రంధ్రమున్న బండ యొకటి కనబడగా మరదలు చెప్పులు విప్పి దానిపై నిలిచెను. ఆ చలిలో ఎందులకమ్మా యనగా, "ఊరికే వదినగారూ" అనెను.

ఈ కొండకును ఆ మిల్లులకును వేరొక లెక్కయు గలదు. రెండువందల యేండ్లు మాంచెస్టరు పొగగొట్టములు క్రక్కిన గంధకపుపొగ వానలో కలిసి యీ బయళ్లపై కురిసెను. పీటును పుట్టించునది స్ఫాగ్నమను నాచు. తన బరువునకు ఇరువదింతల నీరు పట్టి యుంచగలదు. ఆ పొగకు నాచు చచ్చెను. నాచు పోవగా మన్ను బట్టబయలై వానకు కొట్టుకొనిపోయెను. 2003లో మూర్స్ ఫర్ ద ఫ్యూచరను సంస్థ యేర్పడినది మొదలు, గడ్డి విత్తి, గండ్లకు అడ్డుకట్టలు వేసి, నాచుపిలకలను చేతితో నాటుచున్నారు. మన పొలములలో స్త్రీలు నారు నాటునట్లు వంగి నాటుటయే. నీరు కొండమీద నిలిచిన క్రింది యూళ్లకు వరద తగ్గును. మేము పోయిననాడు ఆ నల్లని మన్నునడుమ పచ్చనినాచు, దానిప్రక్క దూదిగడ్డి పూపిందెలు అక్కడక్కడ కనబడెను. చెడినది మరల నగుచున్నదని వానిని జూచి తెలిసికొంటిమి.

అటనుండి కొండయంచుననే పోగా కిండరువాగు సుమారు 30 మీటర్ల క్రిందికి దుముకు చోటు వచ్చును. పడమటిగాలి బలముగా వీచినపుడు జలపాతము క్రిందికి పడక, పైకెగసి తుంపురులై వెనుకకు వచ్చును. శివుని జటలోనికి దిగనొల్లని గంగ మరల నాకమున కెక్కజూచినట్లుండెను. ఆ తుంపురులు తప్పించుకొని రాళ్లచాటున కూర్చుండి పులిహోర తింటిమి. దారినిపోవు ముసలిదంపతులు ఆగి, ఆ పసుపు అన్నమేమని యడిగి, చెరియొక పిడికెడు తిని, మరల నడచిరి. ఎచ్చటివారని మమ్మడుగలేదు. ఎటు దిగెదరు, పైన మంచు పట్టునేమో, జాగ్రత్త యని మాత్రము చెప్పిరి.

కిండర్‌లో మీదుగా దక్షిణముగా నడచి, మధ్యయుగపు రాతిశిలువ యొకటి నిలిచియున్న ఈడేల్‌క్రాసుకడ పడమరకు తిరిగి, గొఱ్ఱెపిల్లలు గంతులిడు పచ్చికబయళ్లలో దిగి, బయలుదేరిన గనికే వచ్చితిమి. మొత్తము 8, 9 మైళ్లు. దారి పొడుగున కొండనెత్తము ఎడమచేతను, జలాశయపులోయ కుడిచేతను ఉండెను. దైవమును కుడివైపున నుంచుకొని తిరుగుట గదా మన ప్రదక్షిణవిధి! ఆ లెక్కను మేము ప్రదక్షిణించినది పట్టణములకు త్రాగునీరిచ్చు ఆ మడుగును.

చెఱకుపోయిన వారి మాట వృథకాలేదు. 1949లో ఆ దేశమున జాతీయోద్యానముల చట్టము వచ్చెను. 1951లో మొదటిది యేర్పడినది ఈ కొండలయందే. 2000లో వచ్చిన చట్టము బయళ్లయందును మూర్లయందును నడచుహక్కు నందరకు నిచ్చెను. మార్చి మొదలు జూలై వరకు పక్షులు నేలపై గూళ్లు పెట్టుకాలము. ఆ నెలలలో అచ్చట కుక్కను గొలుసు విడువరాదు. హక్కుతోడనే యొద్దికయు నుండవలెనని దీనివలన తెలియును.

సోదరీమణులారా, మనకు సముద్రములు దాటి పోనక్కరలేదు. ఆషాఢమున సింహాచలము చుట్టు సుమారు 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణము వేలకొలది స్త్రీలు రాత్రియంతయు నడచి చేయుచున్నారు. నడువగల కాళ్లు మనకు లేకపోలేదు. నెపములేకయు నడువవచ్చునను ధైర్యమే కావలెను. గట్టి బూట్లు, వానకోటు, ఇంత పులిహోర, తోడుగా ఒకరిరువురు ఉన్న చాలును. మేము తిరిగివచ్చిన రెండునెలలకు మరదలు జాబు వ్రాసెను. ఆఫీసులోని నలుగురు స్త్రీలను వెంటబెట్టుకొని తాను మరల కిండరు చుట్టి వచ్చినదట. దూదిగడ్డి విరియబూసి కొండంతయు తెల్లగా నున్నదట. మా తమ్ముడు ఆనాడు ఇంట వంటచేసి కాచుకొనియుండెనట.