ఐదు మోటార్లు, ఒకే కప్పు

"ఒకటి పోతే ఇంకోటుంటది గదా, నీకెందుకు టెన్షన్?" సెర్చ్ సర్వర్లతో నా ఉద్యోగం గురించి నాగర్‌కర్నూల్‌లో మా చిన్నాయన అడిగే మాట ఇది. నా జవాబు ఒక్కటే: ఎల్లూరు.

శ్రీశైలం నీళ్లను కల్వకుర్తి ఎత్తిపోతలకు అందించే మొదటి పంప్‌హౌస్ అక్కడే ఉంది. మోటార్లు ఐదు. ఒకటి మొరాయిస్తే మిగతావి లాగుతాయి. కానీ 2020 అక్టోబరు 16న పంప్‌హౌస్‌లోకి నీళ్లొచ్చాయి. ఐదూ ఒకే కప్పు కింద ఉన్నాయి, ఐదూ మునిగాయి. పొలాలతో పాటు తాగునీళ్లూ ఆ మోటార్ల మీదే ఆధారపడ్డాయి.

మేం వాడే ఎలాస్టిక్‌సెర్చ్ డేటాను షార్డ్‌లుగా విడగొట్టి సర్వర్లకు పంచుతుంది. అసలునీ దాని కాపీనీ ఒకే నోడ్ మీద పెట్టదు. కానీ రెండు నోడ్‌లూ ఒకే కరెంటు లైను మీద ఉన్నాయని దానికెలా తెలుస్తుంది? మనమే చెప్పాలి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో ఒక్కో నోడ్ ఉందనుకోండి. గద్వాల లింకు తెగితే, మిగతా రెండూ మెజారిటీ కాబట్టి లీడర్‌ని ఎన్నుకుని పని నడిపిస్తాయి. ఒంటరి గద్వాల తానే లీడర్‌నని అనుకోదు.

లోడ్ సంగతో? మూడూ 60 శాతంతో నడుస్తుంటే, ఒకటి పోయాక మిగతావి 90కి చేరతాయి, తట్టుకుంటాయి. 70తో నడుస్తుంటే 105. ఒకదాని వెనక ఒకటి అన్నీ కూలతాయి. ఖాళీగా కనిపించే ఆ 40 శాతం దండగ కాదు.

అందుకే ఏ క్లస్టర్ డిజైన్ చూసినా నేను ముందు అడిగేది ఇదే: ఇవన్నీ ఒకేసారి మునిగే దారి ఏది?