ఊగే కొయ్యే నిలబడుతుంది

మనవరాలు వెనకడుగు వేసింది. కోల్‌కతా సాల్ట్ లేక్‌లోని నిక్కో పార్కులో 'సైక్లోన్' రోలర్ కోస్టర్ బళ్లు కిందికి దూకిన ప్రతిసారీ చెక్క కట్టడమంతా కిర్రుమంటోంది. "తాతా, ఊగుతోంది. కూలిపోదా?"

వణికే కుడిచేతిని జేబులో దాచుకుని నిలబడ్డ ఆ శ్రీకాకుళం పెద్దాయన లిలువా రైల్వే వర్క్‌షాపులో వడ్రంగిగా పనిచేసి రిటైరయ్యారు. 1900లో మొదలైన వర్క్‌షాపు అది. 1955లో పెరంబూరులో ఉక్కు బోగీల తయారీ మొదలయ్యాక చెక్క బోగీల రోజులు వెళ్లిపోతూ వచ్చాయి. ఆయన ఉలికి చివరికి మరమ్మతులే మిగిలాయి.

"ఊగే కొయ్య నిలబడుతుందమ్మా, బిగుసుకున్నదే విరుగుతుంది" అన్నారాయన.

2003లో మొదలైన ఈ సైక్లోన్‌కైనా, 1927 నుంచి న్యూయార్క్‌ కోనీ ఐలాండ్‌లో ఉన్న అదే పేరు గల కోస్టర్‌కైనా సూత్రం ఒక్కటే. బళ్లను గొలుసు శిఖరానికి లాగి వదిలేస్తుంది. ఆపై ఇంజిను లేదు, భూమ్యాకర్షణే. ఆ అదురును కలప కాస్త వంగి మింగేస్తుంది.

అమ్మాయి ఎక్కింది. డాక్టరు వద్దన్నారు కాబట్టి తాత కిందే నిలబడి కిర్రు చప్పుడు విన్నారు. అరిగిన కీలుదా, ఆరోగ్యంగా ఉన్న కొయ్యదా అన్నది ఆయన చెవికి తెలుసు.

దిగివచ్చిన మనవరాలు కేరింతలు కొడుతూ ఆయన కుడిచేతిని లాగి పట్టుకుంది. అది వణుకుతూనే ఉంది. ఈసారి ఆయన దాన్ని జేబులోకి దాచుకోలేదు.