నాన్నగారి పడవకు చోటు

పోయిన సంక్రాంతికి ఫ్రాన్సు నుంచి మా మేనల్లుడు ఫోను చేశాడు. మాటల్లో మాటగా, "మావయ్యా, ఇక్కడ చలికాలం వస్తే చిన్న చిన్న తెరచాప పడవలు పైకి తీసి షెడ్లలో పెట్టేస్తారు. మన పడవని ఎక్కడ దాస్తారు?" అన్నాడు. మేం అందరం నవ్వాం. యానాంలో చలికాలమే కదా పడవ తిప్పుకునే కాలం! గౌతమి నిమ్మళంగా ఉంటుంది, గాలి హాయిగా ఉంటుంది. మాకు పడవ దాచుకోవలసింది వానాకాలంలో. కానీ నవ్వు ఆగాక, వాడు అడిగినదానికి మా దగ్గర జవాబు లేదని తెలిసింది.

మా ఇంట్లో చిన్నపిల్లల కోసం ఒకటి రెండు సంగతులు చెప్పాలి. అది తాతగారు తాళ్ళరేవులో కట్టించిన చెక్క పడవ. నాన్నగారు బడిలో మేష్టరు పని చేస్తూనే సెలవుల్లో దాన్ని నడిపేవారు. దాన్ని ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు. ఒడ్డు చేరగానే చుక్కాని ఊడదీసి భుజాన వేసుకుని వచ్చి, సావిట్లో తలుపు వెనక నిలబెట్టేవారు. ఇప్పుడాయనకి ఎనభై దాటాయి. చుక్కాని ఇంకా ఆ తలుపు వెనకే ఉంది.

పడవకి ఏడాదిలో ముగ్గురు శత్రువులు. ఎండాకాలంలో గోదావరిలో మంచినీరు తగ్గి, సముద్రపు ఉప్పునీరు పోటుతో పైకి ఎక్కుతుంది. దాంతో పాటే కొయ్యపురుగు వస్తుంది. పైకి సూదిమొనంత కన్నం, లోపల పలకంతా జల్లెడ. అందుకని ఆ రోజుల్లో పడవని గట్టు మీదికి లాగి, అడుగు గీకి, సందుల్లో పత్తీ గుగ్గిలం నూనె కలిపి కూరాలి. అలాగని ఎండకి వదిలేస్తే పలకలు విడిపోతాయి, పైన తాటాకు నీడ ఉండాలి. ఇక ఆషాఢ శ్రావణాల్లో వరద. మూడోది ఆశ్వయుజ కార్తీకాల్లో తుఫాను. 1996 నవంబరు 6న పొద్దున్నే గాలి తీరు చూసి నాన్నగారు పడవని ఒక బురద పాయలోకి తీసుకెళ్ళి, నీళ్ళు నింపి ముంచేశారు. అమ్మ కూడా ఆయనకి మతి పోయిందనుకుంది. ఆ రాత్రి గాలి తేలే పడవల్ని ఎత్తి కొట్టింది. మునిగినదాన్ని మాత్రం ముట్టుకోలేదు.

ఇన్నాళ్ళూ మా రేవులో రాట ఉండేది. ఇప్పుడక్కడ రాతికట్టు వచ్చింది. వచ్చినందుకు మాకు కోపం లేదు, 2022 జులైలో ఊళ్ళోకి వచ్చిన నీళ్ళు ఇంకా కళ్ళ ముందున్నాయి. కానీ రాళ్ళలో రాట దిగదు. అలకి పడవ రాళ్ళకేసి కొట్టుకుంటుంది.

అందుకని మేం నలుగురం తోబుట్టువులం ఆదివారాలు చోటు వెతుక్కుంటూ తిరిగాం. దరియాలతిప్ప వైపు వెళ్ళాం. వేటకెళ్ళే నావలకే అక్కడ చోటు చాలడం లేదు, పొట్టపోసుకునే వాళ్ళని జరగమని అడగడానికి నోరు రాలేదు. పంట కాలువలో పెడదామంటే మంచినీరే గానీ, వంతెనలు తక్కువ ఎత్తు, కొయ్య దించాలి. వేసవిలో కాలువలు కట్టేస్తే పడవ బురదలో కూర్చుంటుంది. ఈలోగా ఒక హోటలు వాళ్ళు కబురు పెట్టారు. పడవని కొని, ముందు వాకిట్లో పూలకుండీలు పెట్టుకుంటారట. మాలో ఇద్దరం సరే అందాం. నిజం దాచడం ఎందుకు, ఖర్చు మామూలుగా లేదు మరి. నాన్నగారు ఏమీ అనలేదు. ఆ పూట అన్నం సగంలోనే లేచిపోయారు.

చివరికి దారి చూపినవాడు ఎదుర్లంక బ్రిడ్జి రాకముందు పంటు మీద పనిచేసిన మనిషి. ఊరికి ఎగువన ఒక పాయ గట్టున ఆయనకి కొబ్బరితోట ఉంది. వాలు గట్టు, చెట్ల నీడ, అడుగున మెత్తటి బురద. వరద వడి అక్కడికి తిన్నగా తగలదు. అద్దె ఎంతని అడిగితే తల అడ్డంగా ఊపాడు.

"అద్దె ఒద్దండి మేష్టారూ. వరదొస్తే మాత్రం పడవ నాది. లంకలో మావోళ్ళున్నారు."

అంటే చుక్కాని ఆయన చేతిలో పెట్టాలి. మేం నాన్నగారి ముఖం వంక చూశాం. ఆయన చాలాసేపు పాయనే చూస్తూ ఉండి, "చెట్టుకి కట్టకు, గట్టు కోసుకుపోతే చెట్టూ పడవా రెండూ పోతాయి. లోపలికి రాట పాతు" అని మాత్రం అన్నారు. అది ఒప్పుకోవడమో కాదో మాకు అర్థం కాలేదు.

జులైలో ధవళేశ్వరం దగ్గర నీరు 13.75 అడుగులు దాటింది, రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. ఆ రాత్రి నాన్నగారు పడుకోలేదు. నీరు ఎక్కేటప్పుడు తాడు బిగుసుకుంటే పడవ ముక్కు కిందికి లాగి మునిగిపోతుంది. మరీ వదులైతే వడిలోకి కొట్టుకుపోతుంది. ఎవరో ఒకరు కాపలా కాసి కొంచెం కొంచెం వదలాలి. రెండు గంటలకి మాచేత ఫోను చేయించారు. ఒక్క మోతకే ఎత్తాడాయన.

"ఒదిలానండీ. ఇప్పుడే ఇంకో మూడు మూరలు ఒదిలాను. మీరు పడుకోండి."

నాన్నగారు ఫోను మాకిచ్చి నిజంగానే పడుకున్నారు. తెల్లవారాక మమ్మల్ని పిలిచి, తలుపు వెనక చుక్కాని తీయించారు. "వాడికిచ్చి రండి. లంకలో వాళ్ళకి మంచినీళ్ళు అందాలిగా" అన్నారు. గట్టు మీదుగా ఇద్దరం మోసుకెళ్ళి ఇచ్చాం. ఆ నాలుగు రోజులూ పడవ బిందెలూ బియ్యం లంకకి చేరవేసింది, ముసలివాళ్ళని ఇవతలికి తెచ్చింది.

నీరు తీశాక ఆయన చుక్కాని కడిగి మా ఇంటికి తెచ్చాడు. నాన్నగారు పుచ్చుకోలేదు. "అక్కడే ఉండనీ. పండక్కి నేనే వస్తా" అన్నారు.

మేనల్లుడికి జవాబు ఇప్పుడు రాస్తున్నాం. ఒరేయ్, మన పడవ ఎగువ పాయలో కొబ్బరితోట పక్కన ఉంది. తాడు వదిలే మనిషి దొరికాడు. సంక్రాంతికి వస్తే ఎక్కుదువుగాని.