ఇందులో ఏమేం వేసినారు?

మా వైపు ఆడమనిషి నీరసంగా ఉందంటే ఎవరూ ఆశ్చర్యపోరు. ఆయాసమొస్తే వయసంటారు, జుట్టు ఊడితే బోరు నీళ్లంటారు, కళ్లు తిరిగితే పొద్దున ఏమీ తినలేదేమో అంటారు. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఎనిమిదో తొమ్మిదో ఉంటుంది. ఆకుకూరలు తినండి, బెల్లం తినండి, ఈ ఐరన్ మాత్రలు వాడండి అని చెప్పి పంపిస్తారు. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆంధ్రప్రదేశ్ గురించి మళ్లీ మళ్లీ చెబుతూనే ఉంది. ఇంటింటా ఉన్నదాన్ని జబ్బు అని ఎవరనుకుంటారు?

నేనూ అనుకోలేదు. తిరుపతిలో బడిపంతులమ్మను. మూడో పీరియడ్ అయ్యేసరికి బోర్డు పట్టుకుని నిలబడేదాన్ని. మాత్రలు వాడినన్నాళ్లు రక్తం కాస్త పెరిగేది, ఆపగానే మళ్లీ మొదటికొచ్చేది. కడుపు ఉబ్బరానికి గ్యాస్ మాత్రలు వేరే. చూసిన వాళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు, రోజుకు నాలాంటి వాళ్లను ఎంతమందిని చూస్తారో నాకు తెలుసు. కానీ ఇన్నేళ్లలో మొదటిసారి ఒక డాక్టరమ్మ నా పాత రిపోర్టులన్నీ వరసగా బల్ల మీద పరిచి, "ఇంత ఇనుము మింగినారు గదమ్మా, అదంతా ఎక్కడికి పోతా ఉంది?" అనడిగింది. ఆ ప్రశ్నతోనే నా చికిత్స మొదలైందని నేను నమ్ముతాను.

మా చిత్తూరు వైపు వాళ్లకు పెద్ద జబ్బంటే వేలూరు ఆసుపత్రే. చిత్తూరు దాటితే గంట ప్రయాణం. అక్కడ ముందు రక్తంలో టీటీజీ అనే యాంటీబాడీ పరీక్ష చేశారు, తర్వాత ఎండోస్కోపీ చేసి చిన్నపేగు మొదటి భాగం నుంచి చిన్న చిన్న ముక్కలు తీసి పంపారు. వచ్చిన పేరు నేనెప్పుడూ వినలేదు: సీలియాక్ వ్యాధి. గోధుమలోనూ బార్లీలోనూ గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. చపాతీ పిండి సాగేది దానివల్లే. కొందరి ఒంట్లో అది చేరితే, ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే తిరగబడి పేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. ఆ పొర కొత్త టర్కీ టవల్ మీది నూగులా ఉంటుందనీ, నాది అరిగిపోయి నున్నగా అయిందనీ డాక్టర్ చెప్పారు. మనం తిన్న ఇనుము ఒంటికి పట్టేది ముఖ్యంగా ఆ మొదటి భాగంలోనే. మాత్రల ఇనుమూ, మునగాకు ఇనుమూ ఏమయ్యాయో అప్పుడర్థమైంది.

"ఇది ఉత్తరాది వాళ్లకొచ్చే జబ్బు గదా" అన్నారు మా బంధువుల్లో చదువుకున్న వాళ్లు. అందులో కొంత నిజం ఉంది, అయితే ఆ నిజం వెనక ఉన్నది వేరు. దేశంలో మూడు చోట్ల, హర్యానాలో, అస్సాంలో, మన పక్కనున్న వేలూరు ప్రాంతంలో, 23 వేల మందికి పైగా పెద్దవాళ్లను పరీక్షించిన అధ్యయనం ఒకటి 2016లో వచ్చింది. ఈ జబ్బును సూచించే యాంటీబాడీలు ఉత్తరాన నూటికి ఒకరికి పైగా కనిపిస్తే, దక్షిణాన వెయ్యికి ఒకరిలో కనిపించాయి. జబ్బుకు వీలిచ్చే జన్యువులు మాత్రం అక్కడ నూటికి 38 మందిలో ఉంటే ఇక్కడ 36 మందిలో ఉన్నాయి. పెద్ద తేడా లేదు. తేడా కంచంలో ఉంది. అక్కడ మనిషి రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటే, ఇక్కడ 25 గ్రాములే. ఆ అంకెలు చదివాక మా ఇంటి వంటగదిని నేను వేరే కంటితో చూశాను.

మా అమ్మ పెరిగిన ఇంట్లో గోధుమ అనే మాటే లేదు. పొద్దున రాగి అంబలి, మధ్యాహ్నం సంగటి, దానిలోకి చెనిక్కాయల ఊరిబిండో, చలికాలమైతే అనపగింజల పితికిపప్పో. వరి అన్నం పండక్కి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక సంగటి వెనక్కి పోయింది. అది మంచికే, ఆకలి తీరింది, నేను దాన్ని తప్పుపట్టను. ఆ తర్వాత ఇంటింటికీ చక్కెర జబ్బు వచ్చింది. మా మామకు షుగర్ అని తెలిసిన రోజు నుంచి మా ఇంట్లో రాత్రిపూట అందరికీ చపాతీలే. పొద్దున రవ్వ ఉప్మా, సాయంత్రం టీలోకి బిస్కెట్, కాళ్లు వాస్తే బార్లీ నీళ్లు, నీరసమని నాకు పాలలో బార్లీ మాల్టు కలిపిన పొడి. నీరసం పోవడానికని తాగినదానిలోనే నాకు పడనిది ఉంది. జబ్బు దీనివల్లే వచ్చిందని డాక్టరనలేదు, నేనూ అనను. కానీ ఆ 25 గ్రాములు దాటి మా ఇల్లు చాలా దూరం వచ్చేసిందని మాత్రం చెప్పగలను.

ఈ జబ్బుకు మందు లేదు. బతికున్నంతకాలం గోధుమ, బార్లీ, వాటితో చేసినవి నోట్లో పెట్టకూడదు, అంతే. గోధుమకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని నిరూపించినవాడు విలెం డికె అనే డచ్చి పిల్లల డాక్టరు. ఆయనకు ముందునుంచీ అనుమానం ఉంది. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944–45 చలికాలంలో హాలెండులో కరువొచ్చి రొట్టె దొరక్కుండా పోయింది. ఊరంతా చిక్కిపోతుంటే ఈ జబ్బున్న పిల్లలు కోలుకున్నారు. రొట్టె మళ్లీ వచ్చాక వాళ్లకు జబ్బు తిరగబెట్టింది. గోధుమ మానేస్తే ఈ పిల్లలు కోలుకుంటారని 1950లో ఆయన తన సిద్ధాంత గ్రంథంలో రాశాడు. రొట్టె లేకుండా రోజు గడవని దేశంలో ఆ పిల్లల తల్లులు ఎంత అవస్థ పడ్డారో తలచుకుంటే, ఇడ్లీ, దోసె, అన్నం, సంగటి ఉన్న చోట పుట్టినందుకు నాకు ఊరటగా అనిపించింది.

ఆ ఊరట ఇంగువ డబ్బా దగ్గరే ఆగిపోయింది. డాక్టర్ చెప్పారని వంటగదిలో ఉన్న ప్రతి పొట్లం వెనక్కి తిప్పి చదువుతున్నాను. అరచేతిలో ఇమిడే పసుపు డబ్బా. కళ్లజోడు పెట్టుకుని లైటు కిందికి తెచ్చి చదివితే, జిగురుతో పాటు గోధుమ పిండి. అసలు ఇంగువ చాలా ఘాటు గనక పిండి కలిపి అమ్ముతారు. బియ్యప్పిండి కలిపేవాళ్లూ ఉన్నారు, వెతుక్కోవాలి. పప్పులో ఇంగువ, పులిహోరలో ఇంగువ, చారులో, సాంబారులో, ఊరగాయలో ఇంగువ. అన్నం తింటే చాలనుకున్న నేను, అన్నంలోకి ఏం కలుపుకోవాలో తెలియక ఆ రాత్రి పెరుగుతో తిన్నాను.

రెండోది పిండి మిషను. రాగులు మంచివి గదా అని పదును చేసి, ఎండబెట్టి, డబ్బాలో పోసుకుని మా వీధి చివర మిషనుకు తీసుకెళ్లాను. నా ముందు ఒకాయన గోధుమలు ఆడించుకున్నాడు. మిషనతను అలవాటుగా పిండి దిగే గుడ్డ గొట్టాన్ని రెండు దెబ్బలు కొట్టాడు. తెల్లటి పిండి భగ్గుమని లేచి అతని కనురెప్పల మీద, నా చీర మీద పడింది. మా వీధి వీధంతా ఆ గొట్టంలోంచే పిండి తీసుకుంటుంది. గ్లూటెన్ లేనిది అని ముద్ర వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశంలో చట్టం చెబుతోంది. ఒక బ్రెడ్ ముక్కలో గ్లూటెన్ రెండు గ్రాములకు పైగానే ఉంటుంది, అంటే రెండు వేల మిల్లీగ్రాములు. ఆ గొట్టం విదిలించినప్పుడు రాలిన పిండి ఎంత? నేను రాగులు ఆడించకుండానే తిరిగొచ్చాను. విషయం చెబితే మా అమ్మ ఊళ్లో కొట్టం మూల పడి ఉన్న తిరగలి బయటికి తీయించి, అరిగిన రాళ్లకు మళ్లీ గాట్లు కొట్టించి, ఆటోలో వేసి పంపింది. "దీంట్లో నా పెళ్లి కాకముందు నుంచి రాగులు తప్ప ఇంకేం పడలేదు, నువ్వు నమ్మకంగా తినుమ్మే" అంది ఫోనులో.

ఇంట్లో ఇంత వరకు చేయగలిగాను. అసలు కష్టం గడప దాటాక మొదలైంది. మా సీమలో ఒకరింటికి పోయి తినకుండా వస్తే వాళ్లకు అవమానం. పెద్దత్త ఒళిగ చేతిలో పెట్టి "ఒక్క ముక్క తింటే ఏమయితాది పాపా, దేవుడి దయవల్ల ఏం కాదు" అంటుంది. అది మైదా ఒళిగ. ప్రేమతో పెట్టింది. వద్దనలేక చీర చాటున దాచేవాళ్లున్నారు, తినేవాళ్లూ ఉన్నారు. ఈ జబ్బున్న వాళ్లకు రోజూ 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలపాటు ఇచ్చి చూస్తే పేగు దెబ్బతినడం కనిపించిందని 2007లో ఒక అధ్యయనం తేల్చింది. ఇది పెద్దత్తకు ఎలా చెప్పాలి?

నేను నేర్చుకున్నది ఇక్కడే ఉంది. ఇరవై ఏళ్లుగా నేను వంటింట్లో అందరినీ అడుగుతున్నాను: మీకు ఉప్పు సరిపోయిందా, నీకు దోసె ఇంకొకటి వేయనా, మామకు చపాతీ మెత్తగా ఉందా. చివర్లో గిన్నెలో మిగిలింది నా కంచంలో పడేది. అందులో ఏముందో, అది నా ఒంటికి పడుతుందో లేదో నేనెప్పుడూ అడగలేదు, మా అమ్మా అడగలేదు. నీరసం జబ్బు కానట్టే, ఆడమనిషి తన తిండి గురించి అడగడం కూడా మా ఇళ్లలో మర్యాద కాదు. నా కోసం నేను, నలుగురిలో, పంక్తిలో కూర్చుని "ఇందులో ఏమేం వేసినారు?" అని అడగడం, గోధుమ మానేయడం కంటే నాకు చాలా కష్టమైంది. మొదట్లో గొంతు పెగిలేది కాదు. అడిగాక సంజాయిషీ చెప్పుకునేదాన్ని. ఇప్పుడు సంజాయిషీ మానేశాను.

అడగడానికి నాకు ధైర్యమిచ్చింది తిరుపతి లడ్డూ అంటే మీరు నమ్మాలి. ప్రసాదాన్ని ఇందులో ఏముందని అడగొచ్చా అని చాలా రోజులు మథనపడ్డాను. తీరా చూస్తే కొండ మీద పోటులో, అంటే గుడి వంటశాలలో, ప్రతి ప్రసాదానికీ దిట్టం ఉంది, దేనికి ఏ సరుకు ఎంత వేయాలో రాసిపెట్టిన లెక్క. 5,100 లడ్డూలకు శనగపిండి 180 కిలోలు, చక్కెర 400, ఆవునెయ్యి 165, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, ఏలకులు 4. మొత్తం 803 కిలోలు. అందులో గోధుమ లేదు. స్వామికి పెట్టేదానికే ఇంత వివరంగా లెక్క రాసుకున్నప్పుడు, నా కంచంలోకి వచ్చేదాని గురించి అడిగితే అది అపచారమెలా అవుతుంది? పులిహోర దగ్గర మాత్రం ఇంగువ ఏదో తెలియకపోతే కళ్లకద్దుకుని పక్కవాళ్లకిస్తాను.

అడిగితే మనుషులు చెబుతారు. ఇది నేను ఊహించనిది. మొన్న పలమనేరు దగ్గర పెళ్లిలో వంటమాస్టరు దగ్గరికి నేరుగా పోయి అడిగాను. ఆయన విసుక్కోలేదు. "సాంబారు వద్దక్కా, కేసరీ వద్దు, అప్పడం కాల్చిన నూనెలో పూరీలు కూడా వేసినాం, అది కూడా వద్దు. తెల్లన్నం, తాళింపు పెట్టకముందు తీసిన పప్పు ఇస్తా, నెయ్యేసుకో" అన్నాడు. నూనె సంగతి నాకు తట్టనే లేదు. గంగజాతరలో అంబలి పోసే ఆడవాళ్లను కూడా అడుగుతున్నాను, పిండి యాడ ఆడించినారని. ఇంట్లో విసిరిన పిండయితే చెంబు పడతాను. పెద్దత్త సంక్రాంతికి నా కోసం విడిగా మూకుట్లో కొత్త నూనె పోసి బియ్యప్పిండితో నిప్పట్లు చేసింది, చేస్తూ మూడుసార్లు ఫోన్ చేసింది.

తల్లిదండ్రుల్లో, పిల్లల్లో, తోబుట్టువుల్లో ఒకరికి ఉంటే మిగతావాళ్లకూ వచ్చే వీలు ఎక్కువ. మా అమ్మాయికి పరీక్ష చేయించాం, ఇప్పటికి లేదు. తర్వాత రాదని కాదు, మళ్లీ చేయించాలి. నా హిమోగ్లోబిన్ పన్నెండు దాటింది, మాత్రల్లేకుండా అక్కడే ఉంది. చివరి పీరియడ్ దాకా నిలబడి చెబుతున్నాను.

మా స్టాఫ్‌రూములో ఒక మేడమ్ ఉంది. నాలాగే ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు, నాలాగే ఉబ్బరం. నా సంగతి విని రేపటి నుంచి గోధుమ మానేస్తానంది. వద్దని గట్టిగా చెప్పాను. పరీక్షకు ముందే మానేస్తే రక్తంలోనూ పేగులోనూ ఆనవాళ్లు తగ్గిపోతాయి, ఉన్న జబ్బు లేనట్టు కనిపిస్తుంది. ఆమెకు ఇదే ఉందని కాదు, వేరే కారణం ఉండొచ్చు, ఏదో ఒకటి ఉంటుంది గదా. వచ్చే వారం ఇద్దరం కలిసి పోతున్నాం. అంతదాకా రోజూ తినే రెండు చపాతీలూ తినమన్నాను.