కాలుగాలిన పిల్లి

చిన్నప్పట్నుంచీ అమ్మ నన్ను తిట్టే తిట్టు ఒకటుంది... ‘కాలుగాలిన పిల్లి లెక్క ఏందే ఆ తిరుగుడు?’ అని. నిజంగా కాలు దెబ్బతిన్న పిల్లి అసలు తిరగదని ఈమధ్యే తెలిసింది. మంచం కిందికి దూరి, గోడవైపు మొహం పెట్టి, చప్పుడు చేయకుండా కూర్చుంటుంది.

మా మల్లి అలాగే కూర్చుంది. ఎల్‌బీనగర్‌లో మాది రెండో అంతస్తు. పావురాన్ని పట్టబోయి పిట్టగోడ మీంచి కింద పడింది. ‘పిల్లి కదా, కాళ్లమీదే పడుతుంది. ఏం కాదు’ అన్నారు అపార్ట్‌మెంట్‌లో అందరూ. నేనూ నమ్మాను.

గాల్లోనే ఒళ్లు తిప్పుకుని కాళ్లమీద వాలడం పిల్లికి ఎవరూ నేర్పని విద్య. ఫ్రెంచి శాస్త్రవేత్త మారే 1894లోనే దాన్ని వరసగా ఫొటోలు తీసి చూపించాడు. మేడల మీంచి పడిన 132 పిల్లుల గురించి న్యూయార్క్ పశువైద్యులు 1987లో ఓ అధ్యయనం ప్రచురించారు. వైద్యం అందినవాటిలో నూటికి తొంభై బతికాయట. ‘వైద్యం అందినవాటిలో’ అన్న మాటే మనం మర్చిపోతాం. కాళ్లమీద పడితే ప్రాణం దక్కుతుంది కానీ, ఆ దెబ్బంతా కాళ్లే తింటాయి!

రెండ్రోజులు చూశాక, ‘దానికి నొస్తుందే. మోకాళ్ల నొప్పి నాకు తెల్వదా?’ అంది అమ్మ. పిల్లి ఎదురొస్తే ఇప్పటికీ వెనక్కొచ్చి మంచినీళ్లు తాగి వెళ్లే మనిషి ఆమె!

దిల్‌సుఖ్‌నగర్‌లో డాక్టరుకు చూపించాం. మోకాలి చిప్ప పక్కకు జారిందన్నారు. ఆపరేషన్ చేసి, సరిచేసి, పిన్ను వేశారు. ఆటోలో తిరిగొస్తుంటే చైతన్యపురి, కొత్తపేట, విక్టోరియా మెమోరియల్... రోజూ మెట్రోలో ఇట్టే దాటిపోయే ఆ దారిలో ఎన్ని గుంతలున్నాయో ఆరోజే లెక్క తెలిసింది.

అసలు పరీక్ష ఇంటికొచ్చాక మొదలైంది. ఆరువారాలు దూకకూడదు, పరిగెత్తకూడదు, మెట్లెక్కకూడదు. పంజరం కొన్నాం. కుట్లు నాకకుండా మెడచుట్టూ ప్లాస్టిక్ గరాటా. పక్కింటావిడ జాలిపడి ‘జ్వరం మాత్ర సగం వేయండి, నొప్పి తగ్గుతుంది’ అంది. డాక్టరు ముందే హెచ్చరించారు కాబట్టి సరిపోయింది. పారాసిటమాల్ పిల్లికి విషం. దాన్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలదు. ఆ మందు రక్తం ప్రాణవాయువును మోయలేకుండా చేస్తుంది. సగం మాత్ర కూడా ప్రాణం మీదికి తేవచ్చు.

రాత్రిళ్లు ఒకటే అరుపు, తలుపు తీయమని. తొమ్మిదోరోజు అర్ధరాత్రి నా మనసు ఆగలేదు. తీశాను. ఒక్క ఉదుటున మంచమెక్కి... కాలు ఎత్తేసింది. తెల్లారేదాకా నాకు నిద్రలేదు. పొద్దున్నే ఎక్స్‌రే తీస్తే పిన్ను చెక్కుచెదరలేదు. ‘జాలి చూపించారు. ఈసారి దాన్ని బతకనివ్వండి’ అన్నారు డాక్టరు. ఆ రాత్రి నుంచి పంజరం పక్కన చాపేసుకుని పడుకుంది అమ్మ. మల్లి అరిస్తే కమ్మీల్లోంచి వేలు పెట్టి నుదురు నిమిరేది. తలుపు మాత్రం తీసేది కాదు.

పిల్లులు నొప్పి దాచుకుంటాయి. నొప్పితో ఉన్నప్పుడూ గుర్రుమంటాయి. అందుకే మాంట్రియల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో పిల్లి మొహం చూసి నొప్పిని అంచనా కట్టే పద్ధతి ఒకటి తయారుచేశారు. చెవులు పక్కలకు వాలాయా, కళ్లు సగం మూసుకున్నాయా, మూతి బిగిసిందా, మీసాలు నిటారుగా ముందుకొచ్చాయా, తల భుజాలకన్నా కిందికి దిగిందా... ఈ ఐదూ చూడాలి. రోజూ పొద్దున కాఫీ తాగుతూ మల్లి మొహం చదవడం నాకు అలవాటైంది.

ఏడోవారం తలుపు తీశాం. మల్లి నెమ్మదిగా బయటికొచ్చింది. ఒళ్లు విరుచుకుంది. మేడమెట్లు ఒక్కొక్కటే ఎక్కింది. దాని వెనకే అమ్మ... గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ.

‘నొప్పిగా ఉందా అమ్మా?’ అన్నాను.

‘ఏం లేదే’ అంది.

మొహం చూశాను. కళ్లు సగం మూసుకున్నాయి. మూతి బిగిసింది. ఇన్నేళ్లూ ఆ మాట విన్నాను గానీ, ఆ మొహం చదవలేదు.

సోమవారం అమ్మ మోకాళ్లకు ఎక్స్‌రే. ‘పిల్లికి తీయించినవ్ సరే, నాకెందుకే?’ అని ఒకటే గొణుగుడు.

పిట్టగోడకు మాత్రం ఆపాటికే వల కట్టించేశాం.