పురిటికి వచ్చిన పక్షులు

ఉగాది వెళ్ళిన వారమున మేము హిందూపురమునుండి లేపాక్షికి పోయితిమి. వీరభద్రస్వామి యాలయమును, అచ్యుతదేవరాయల కాలపు శిల్పమును, ఏకశిలానందిని వర్ణించినవారెందఱో కలరు గనుక వానిని విడిచెదము. లేపాక్షి యను పేరు జటాయువువలన వచ్చినదని స్థలపురాణము. రావణుని ఖడ్గమునకు ఱెక్కలు తెగి పడియున్న పక్షిని జూచి శ్రీరాముడు “లే, పక్షీ!” యనెనట. పరులబిడ్డ యాపదలో నుండగా తన వృద్ధదేహమును లెక్కింపక అడ్డుపడినది ఒక పక్షి. ఆ పక్షికి కన్నకొడుకువలె నుత్తరక్రియలు జరిపినవాడు నరుడు. ఆ ఋణమును ఈ సీమవారు నేటికిని కొంచెము కొంచెముగా తీర్చుచున్నారేమో యని ఆ దినము మధ్యాహ్నము మాకు తోచినది. ఏలయన, మేము అక్కడినుండి చిలమత్తూరు మండలములోని వీరాపురము చూడబోయితిమి.

ఈ ప్రాంతము 2022 ఏప్రిలు వఱకు అనంతపురము జిల్లాలోనిది; ఇప్పుడు పుట్టపర్తి ముఖ్యపట్టణముగా గల శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినంతమాత్రమున మేఘము మనసు మారునా? పడమటి కనుమలు నైరృతి ఋతుపవనమును అడ్డగించును. తూర్పుసముద్రపు వానలు ఇంతదూరము వచ్చునప్పటికి అలసిపోవును. ఏటికి సగటున 55 సెంటీమీటర్ల వానయే ఈ మెట్టకు దక్కును. దారిపొడవున దున్ని వదలిన ఎఱ్ఱనేల, బండగుట్టలు, నీరింకిన బోరుబావులు. ఇట్టి చోట నీటిపక్షులు వందలకొలది వచ్చి పిల్లలను కనునని చెప్పిన చూడనివారు నమ్మరు.

బస్సు దిగగానే ఘాటైన వాసన సోకినది. కుళ్ళిన చేప, తడి సున్నము కలిసినట్లుండెను. మా చిన్నది పైటకొంగుతో ముక్కు మూసికొన్నది. తరువాత తలయెత్తి చూచితిమి. ఊరినడుమనున్న ముసలి చింతచెట్లమీద కొమ్మకొమ్మకును గూళ్ళు. గూటగూటను మూడడుగులకు మించిన యెత్తుగల కొంగలు. తెల్లని మేను, ఎదపై నలుపు తెలుపుల పట్టెడ, నిగనిగలాడు నల్లని ఱెక్కలు, తోకదగ్గఱ గులాబివన్నె యీకలు, వెండ్రుకలేని నారింజవన్నె తల, కొనయందు కొంచెము వంగిన పొడుగైన పసుపుముక్కు. పెద్దపక్షులకు గొంతుక లేనట్లే. ముక్కులు టకటక కొట్టుకొనుటయే వాని మాట. పిల్లలు మాత్రము ఆఁకలికి ఊరంతయు వినబడునట్లు మొఱపెట్టుచుండును.

ఊరివారును పత్రికలవారును వీనిని సైబీరియా కొంగలనుచున్నారు. ఇది పొరపాటు. పుస్తకములలో ఎఱ్ఱకాళ్ళ కొంగలని వ్రాయబడిన యీ జాతి మన దేశపుదే. నీరును చేపయు నెక్కడ దొరకిన నక్కడికి దేశములోనే తిరుగుచుండును. దూరదేశపు అతిథులనిన గౌరవ మెక్కువయని కాబోలు ఆ పేరు నిలిచినది. మన యాడుబిడ్డలేయని తెలిసిన గౌరవము తగ్గునా?

ఇవి యేటేట జనవరి, ఫిబ్రవరి మాసములలో వచ్చి, గూడుకట్టి, రెండు మొదలు అయిదు వఱకు గ్రుడ్లుపెట్టి, నెలదినములు పొదిగి, పిల్లలకు ఱెక్కలు వచ్చిన పిదప జూలై, ఆగస్టులలో లేచిపోవును. మేము పోయిన వేళ ఎండ నిప్పులు చెఱుగుచుండెను. ఒక గూటిలో తల్లియో తండ్రియో తెలియదుగాని సూర్యునికి వీపుద్రిప్పి, ఱెక్కలు రెండును గొడుగువలె విప్పి, నూగుగల పిల్లలను నీడలో నుంచుకొని నిలిచియుండెను. గడియసేపు చూచితిమి, అది కదలలేదు.

ఆ చెట్టుక్రింది యింటి యరుగుమీద ఒక అవ్వ కూర్చుండియుండెను.

“అవ్వా, ఈ చింతలు మీవేనా?” యని యడిగితిమి.

“మావేమ్మా. మా యత్త కాపరానికొచ్చిన నాటినుంచీ ఈ పచ్చులు దిగుతానే ఉండాయంట.”

“ఈ కంపు, ఈ గోల ఎట్లా భరిస్తారు?”

“ఆడబిడ్డ పురిటికి పుట్టింటికొస్తే కంపు కొడతాందని బయటికి పంపుతామా?”

మేము మాటలేక నిలిచితిమి. తరువాత మెల్లగా నడిగితిమి, “మఱి కాయ ఎప్పుడు దులుపుతారు?” అని. ఏలయనగా, సోదరీమణులారా, సంవత్సరమునకు సరిపడు చింతపండు గింజతీసి, ఉప్పుచల్లి, జాడీలలో కూరుకొనుట ఈ దినములలోనే గదా మన యందఱి యిండ్లలోని పని! చింత పండు కాలమును, కొంగ గూడు కట్టు కాలమును ఒక్కటే. గడ కఱ్ఱలతో కొమ్మలు కొట్టిన గ్రుడ్లు నేలరాలును.

“గూళ్ళు పడకముందు చేతికందింది అందుకొంటాం. పైకొమ్మలది పోయినట్టే.”

“ఏటికెంత నష్టమో లెక్క చూచుకొన్నావా?”

“లెక్కేస్తే చెట్టు కొట్టెయ్యబుద్ధవుతాది. అందుకే లెక్కెయ్యను.”

ఈ కాలములో పెండ్లిండ్లు జరిగినను చెట్లదగ్గఱ టపాసులు కాల్చరనియు, గూటినుండి జారిన పిల్లను కుక్కలు పట్టకుండ పిల్లకాయలు తీసికొనివచ్చి చేపముక్కలు పెట్టుదురనియు ఆమె చెప్పెను. ఉన్న లాభము రెట్టల యెరువు మాత్రమే. చెంగల్పట్టు దగ్గఱి వేడంతాంగలు రైతులు ఇట్టి యెరువుతో కలిసిన చెఱువునీటి గుణ మెఱిగి, పక్షులను కాల్చు దొరలమీద మొఱపెట్టుకొనగా, 1798లోనే కలెక్టరు వారికి రక్షణపత్ర మిచ్చెనని చెప్పుదురు.

ఇంత చేసినను చెఱువు లేనిదే పక్షి లేదు. అశ్వయుజ కార్తికములలో చెఱువులు నిండిన చిన్నచేపలు పెరుగును. ఎండలు ముదిరి నీరు తగ్గుచుండ అవి లోతులేని మడుగులలో గుమిగూడును. అప్పుడీ కొంగ మోకాలిలోతు బురదనీట సగము తెఱచిన ముక్కును ముంచి, కాలితో అడుగు కదలించుచు నడచును. కంటితో వెదకదు. చేప ముక్కునకు తాకిన రెప్పపాటున మూయును. మనకు కఱవుగా దోచు ఆ నీటి తఱుగుదల దానికి వంటయిల్లు. కాని చెఱువు అసలు నిండని యేట గూళ్ళు కట్టక వెళ్ళిపోవును. నంది కొండలప్రాంతమున పుట్టి బుక్కపట్టణము, ధర్మవరము చెఱువులకు నీరిచ్చు చిత్రావతియే ఎన్నో యేండ్లు ఇసుకదారిగా మిగులుచుండగా చిన్న పల్లెచెఱువుల గతి చెప్పవలెనా? పూడిక పేరుకొన్నది, సర్కారుతుమ్మ క్రమ్మినది, వాగులు దారితప్పినవి. ఇంకొక సంగతి. చాల యూళ్ళలో చెఱువుచేపలు పాటపాడుదురు. పాడినవాడు తన సొమ్ము రాబట్టుకొనుటకు వేసవిలో అడుగునీటిని సయితము మోటారుతో తోడి వలలాగిన, ఆ నెలలోనే పిల్లలకు మేతవెదకు తల్లికొంగ కేమి మిగులును?

చేపకొఱకు నీటిని కాపాడినవారు లోకమున లేకపోలేదు. గాలపువేట వేడుకగా గల దొరలు మన నీలగిరి వాగులలో ట్రౌటు చేపలను తెచ్చి వదలిరి. అమెరికాలో మిచిగను రాష్ట్రమున ఆసేబుల్ నదియొడ్డున 1959లో అట్టి వేటకాండ్రు కొందఱు కూడి ట్రౌట్ అన్‌లిమిటెడ్ అను సంఘమును స్థాపించిరి. చేపకు వలసిన చల్లని నిర్మలజలమును రక్షించినచో వేట తనంతట బాగుపడునని వారి తలంపు. అది తెలివిగల స్వార్థము. మేము దానిని తప్పుపట్టము. పైగా వారి నుండి మన మొకటి నేర్వవలసియున్నది: వారు మొదలుపెట్టినది నీటితో. మన పల్లెవారు పక్షిని ప్రాణముగా చూచుకొన్నను, దాని నోటికందు చేప యే నీటిలో పెరిగినదని యడుగువారు తక్కువ.

అడుగకపోయిన నేమగునో శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమున కనబడినది. అక్కడను ఊరిచెట్లమీదనే గూడబాతులు, ఈ కొంగలు పిల్లలను పెంచును, ఊరివారు కాచుదురు. 2021 చివర, 2022 మొదట అక్కడ గూడబాతులనేకము చెట్లమీదనుండి రాలిపడి చచ్చెను. చీల్చిచూచిన పశువైద్యులకు వాని కడుపులలో ఏలికపాములవంటి పురుగులు కనబడెను. చుట్టుపట్ల చెఱువులలో తిన్న చేపలనుండియే అవి సంక్రమించెనని నిర్ణయించిరి. ఆ యూరి వాత్సల్యములో లోపమేమియు లేదు.

వీరాపురమున చెట్లగతియు విచారకరమే. ఏండ్లతరబడి పడిన రెట్ట ఆకును కాల్చును, నేలను కాఱచేయును. మేము చూచిన చింతలలో కొన్ని కొనకొమ్మలెండి యున్నవి. ఆశ్రయమిచ్చిన చెట్టే అతిథి భారమునకు కృశించుచున్నది. క్రొత్త చెట్లు ఇప్పుడే పెట్టకున్న ఈ ముసలిచెట్లు కూలిననాడు పక్షులెక్కడ దిగును? అటవీశాఖవారు నాటవలెనని ఒకరు, పంచాయతీ నాటవలెనని మఱియొకరు అరుగులమీద వాదించుకొనుచుండిరి. మేము విని యూరకుంటిమి.

ప్రొద్దు వాలినది. బస్సుకొఱకు లేచితిమి. అవ్వ బియ్యము కడిగిన నీళ్ళచెంబు చేతబట్టుకొని పెరటివైపు నడచెను; మేమును వెంట పోయితిమి. తుమ్మకంపతో చుట్టును దడికట్టిన పాదులో మోకాలెత్తు చింతమొక్క యుండెను. ఆమె నీళ్ళు మెల్లగా వంచి, పాదులోని మట్టిని కాలితో సర్దెను.

“దీనిమీద గూడు ఎన్నేండ్లకు పడుతుందవ్వా?”

“పదైదేండ్లు పట్టొచ్చమ్మా. మేకలు తినకుంటే.”