ప్రసంగి మూడో అధ్యాయం, మా ఊరి ఇల్లు

మా ఇంట్లో బైబిలు దానంతటదే తెరుచుకునే పేజీలు రెండున్నాయి. ఒకటి ఇరవై మూడో కీర్తన, ఇంకోటి ప్రసంగి మూడో అధ్యాయం. మా నాన్న ఊళ్ళో టీచరు. పెళ్ళింట్లో అయినా, చావింట్లో అయినా ఆయన్ని వాక్యం చదవమంటే ఈ రెంటిలో ఏదో ఒకటే చదివేవాడు.

నాన్న పోయిన ఏడాదికి నేను ఆ అధ్యాయాన్ని అమ్మ మీద ప్రయోగించాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. అమ్మ తెనాలి దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది. ఒకసారి బాత్రూములో జారిపడింది. ఆ సంగతి నాకు రెండు రోజుల తర్వాత, అదీ పక్కింటివాళ్ళు చెబితే తెలిసింది. ఇల్లు అమ్మేసి అమ్మని తెచ్చేసుకోవాలని ఆ రోజే నిర్ణయించేశాను. అమ్మని అడగలేదు. కొనేవాళ్ళని కూడా చూసి పెట్టుకుని ఊరెళ్ళాను. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో వాక్యం నేను చదువుతానన్నాను. అమ్మ మురిసిపోయింది, పాపం.

ఒకటో వచనం నుంచి ఎనిమిది దాకా చదివాను. నాటడానికో వేళ, నాటినదాన్ని పెరకడానికో వేళ అన్నచోట కాస్త ఒత్తి మరీ చదివాను. చదివి, బైబిలు మూసి, "అమ్మా, కాలం మారింది, మనమూ మారాలి కదా" అంటూ ఇంటి సంగతి ఎత్తాను.

అమ్మ ఒక్క క్షణం ఏమీ అనలేదు. తర్వాత, "ఎనిమిది దగ్గర ఎందుకాపావురా? ఇంకా చదువు" అంది.

మళ్ళీ తెరిచాను. ఆ పేజీలో నాన్న వాగ్దానం కార్డు ఉంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక పళ్ళెంలోంచి తలా ఒక కార్డు తీసుకుంటాం. అందులో వచ్చిన వచనమే ఆ ఏడాదికి దేవుడిచ్చిన మాట అని మావాళ్ళ నమ్మకం. నాన్నకి ఆఖరి ఏడాది వచ్చింది దీర్ఘాయువు గురించి. ఆగస్టులో పోయాడు. ఆ కార్డుని అమ్మ అక్కణ్ణుంచి తీయలేదు, దాని గురించి ఎప్పుడూ మాట్లాడనూలేదు.

తొమ్మిది నుంచి పదకొండు దాకా చదివాను. ఇంత పాటుపడ్డవాడికి మిగిలేదేమిటని తొమ్మిదిలో ప్రశ్న. పదకొండులో మాట ఇంకా చిక్కుది. దేవుడు ప్రతిదాన్నీ దాని వేళకి చక్కగానే అమర్చాడట, మనిషి గుండెలో శాశ్వతం అనే ధ్యాస కూడా పెట్టాడట, అయినా ఆయన చేసే పనికి మొదలేదో తుదేదో మాత్రం మనిషికి అందదట.

"చూశావా? వేళ ఉందన్నాడు. అదెప్పుడో నీకు చెప్తానన్నాడా?" అంది అమ్మ.

తిరిగి హైదరాబాదు వచ్చాక ఆ అధ్యాయాన్ని వదల్లేకపోయాను. వృత్తి దోషం, ఎక్సెల్ షీటులో పెట్టాను. 28 పనులు, 14 జతలు. ఏదైనా వరస దొరుకుతుందేమోనని చూశాను. పుట్టడం ముందు, చావడం తర్వాత. కానీ చంపడం ముందు, బాగుచేయడం తర్వాత. ఏడుపు తర్వాత నవ్వు వస్తుందని సంతోషించేలోపు, వెతకడం తర్వాత పోగొట్టుకోవడం వస్తుంది. చెడు తర్వాత మంచి వస్తుందనే హామీ ఏమీ లేదు. పట్టిక పుట్టుకతో మొదలై సమాధానంతో ముగుస్తుంది, అంతవరకు నిజం. చావు రెండోదే, ఆఖరిది కాదు. రాళ్ళు పారవేయడం, పోగుచేయడం అనే జతకి అర్థమేమిటో వ్యాఖ్యాతలే ఒక మాట మీద లేరు. రాజుల రెండో గ్రంథంలో శత్రువు పొలాన్ని పాడుచేయడానికి రాళ్ళు వేస్తారు, యెషయాలో ద్రాక్షతోట వేయడానికి రాళ్ళు ఏరేస్తారు. అంటే, రాయి చేతిలో ఉన్నంత మాత్రాన ఏం చేయాలో తెలిసిపోదు.

మనవాళ్ళు మాత్రం ఎనిమిదితోనే ఆపేస్తారు. అమెరికాలో పీట్ సీగర్ దీన్ని పాటగా కట్టాడు, 1965లో బర్డ్స్ బృందం పాడితే అక్కడ నంబర్ వన్ అయింది. అదీ ఎనిమిదో వచనం దాకానే. ఈమధ్య ప్రసంగాల్లో "ఇది నీ సీజన్" అనడం ఎక్కువైంది. నాకది మా ఆఫీసు రోడ్‌మ్యాప్‌లా వినిపిస్తుంది: ఈ మూడు నెలలు ఏడుపు, వచ్చే మూడు నెలలు నాట్యం. ప్రసంగి అలాంటివాడు కాదు. ఈ పుస్తకంలో 30కి పైగా సార్లు వచ్చే హెవెల్ అనే హీబ్రూ మాటకి మన తెలుగు బైబిల్లో వ్యర్థము అని ఉంది. అసలర్థం ఊపిరి, ఆవిరి. హేబెలు పేరూ అదే మాటట. చలికాలం పొద్దున్నే మా ఊరి కాలవ మీద లేచే పొగమంచు లాంటిదన్నమాట. ఉంటుంది, కనిపిస్తుంది, పట్టుకోబోతే చేతిలో ఏమీ ఉండదు. దాన్ని వ్యర్థం అనడానికి నాకు మనసొప్పదు.

ఇదంతా అమ్మకి ఫోనులో చెప్పబోయాను. "సరేగానీ, ఫిబ్రవరిలో కోతల పండగకి వస్తావా?" అంది.

వెళ్ళాను. బియ్యం, గుమ్మడికాయలు, కోళ్ళు, కొబ్బరికాయలు అన్నీ బలిపీఠం ముందు పోశారు. ఆరాధన అయ్యాక బయట చెట్టుకింద వేలం. అమ్మ తెచ్చింది మా దొడ్లో నాన్న వేసిన చెట్టు మునక్కాయలు, ఒక కట్ట. ఎవరో 50 అన్నారు, ఇంకెవరో 100 అన్నారు. నేను పాట పెంచుకుంటూ పోయాను. 600 దగ్గర ఆగింది.

కొనేవాళ్ళకి అప్పటికింకా నేను ఏమీ చెప్పలేదు. బాత్రూములో పట్టుకోవడానికి గోడకి రాడ్డు వేయించాను. ఎండాకాలం రెండు నెలలు హైదరాబాదు రావడానికి అమ్మ ఒప్పుకుంది. ఈస్టరు తెల్లవారుజామున నాన్న సమాధి దగ్గర కొవ్వొత్తి పెట్టాకే బయల్దేరుతుందట.

దారి పొడుగునా తిట్టింది. "మన చెట్టు కాయలకి 600 పోస్తారట్రా ఎవరైనా!" అని. రాత్రి వాటితోనే పులుసు పెట్టింది.